పోకర్ బల్ల దగ్గర తగవులు, తీర్పులు

ఎదుటివాడిని బోల్తా కొట్టించడమే నైపుణ్యంగా లెక్కకు వచ్చే ఆటలలో పోకర్‌ది మొదటి వరుస. చేతిలో చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటీ లేకపోయినా అన్నీ ఉన్నట్టు పెద్ద పందెం కాయడం, గొప్ప ముక్కలు పడినప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చోవడం ఈ ఆటలో తప్పు కాకపోగా ఆటగాడి ప్రజ్ఞకు గుర్తు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని తొమ్మిది పదిమంది ఒకే బల్ల చుట్టూ చేరి, నిజమైన సొమ్ము పెట్టి, గంటల తరబడి అలాంటి ఆటను కొట్లాటకు దిగకుండా ఆడుకుని లేచిపోగలుగుతున్నారంటే, దానికి కారణం ఆటగాళ్ల మంచితనం కన్నా ఆ బల్ల చుట్టూ బిగించిన నియమావళి. తన ముక్కల విషయంలో ఆటగాడు ఎంత భ్రమనైనా కల్పించవచ్చు గాని, అతని నోటి మాటకు, చేతి కదలికకు, అతను ముందుకు జరిపిన చిప్‌కు, అంటే సొమ్ముకు బదులు వాడే బిళ్లకు మాత్రం ఎప్పుడూ ఒక్క అర్థమే ఉండాలన్నది ఆ నియమావళికి ప్రాణం. అమెరికాలోని పోకర్ గదులలో, ముఖ్యంగా నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్‌లో స్థిరపడిన పద్ధతులను ఆధారంగా చేసుకుని, ఈ నియమాలు ఎలా పనిచేస్తాయో, తగవు వచ్చినప్పుడు ఎవరు ఎలా తీరుస్తారో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

పేకాట నియమాలకు ఇంగ్లీషు దేశాలలో చాలాకాలం ప్రమాణంగా నిలిచిన పేరు ఎడ్మండ్ హాయిల్. ఆయన 1742లో విస్ట్ అనే ఆట మీద పుస్తకం రాసి, 1769లో మరణించాడు. పోకర్ అమెరికాలో మిసిసిపీ నదీ తీరాన, ఆవిరి పడవల మీద వ్యాపించింది 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో; అయినా ఆయన పేరు మీద వెలువడుతూ వచ్చిన నియమ గ్రంథాలలో తరువాత పోకర్ కూడా చేరింది. అంటే తాను చూడనైనా చూడని ఆటకు ఆయన ప్రమాణ పురుషుడయ్యాడు. తగవులాడుకునే నలుగురికి సరైన నియమం కన్నా ముందు అందరూ ఒప్పుకునే నియమం కావాలని దీనివల్ల తెలుస్తుంది. ఇటీవలి కాలంలో రాబర్ట్ సియఫోన్ కూర్చిన ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్’ అనేక గదులకు ఆధారమైంది. టోర్నమెంట్లను నడిపే నిర్వాహకులు 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్‌గా ఏర్పడి ఉమ్మడి నియమావళిని తయారుచేసి, అప్పటినుంచీ దానిని సవరిస్తూ వస్తున్నారు. అంతకు ముందు ఒక ఊరి గదిలో చెల్లిన ఎత్తు మరో ఊరి గదిలో చెల్లకపోవడం మామూలు విషయం.

నియమాలలోకి వెళ్లేముందు గది ఏర్పాటు కొంత తెలియాలి. బల్ల దగ్గర ముక్కలు కలిపి పంచేది ఆటగాడు కాదు, డీలర్ అనే ఉద్యోగి. అతను ఆటలో పాల్గొనడు. కొన్ని బల్లలకు కలిపి ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. అతనిని ఫ్లోర్ అంటారు. ఆ పైన గది మేనేజరు. పోకర్ గది ఉండే కాసినోలోని, అంటే జూదశాలలోని, ఇతర ఆటలలో ఆటగాడికి ప్రత్యర్థి కాసినోయే గనుక ఆటగాడు ఓడితేనే దానికి లాభం. పోకర్‌లో ఆటగాళ్లు ఒకరి సొమ్ము ఒకరు గెలుచుకుంటారు, గది మాత్రం ప్రతి ఆటలో పోగైన సొమ్ము నుంచి కొంత రుసుము తీసుకుంటుంది. దీనిని రేక్ అంటారు. నెవాడా నిబంధనల ప్రకారం అది ఆ ఆటలో కాసిన మొత్తంలో 10 శాతానికి మించకూడదు. ఎవరు గెలిచినా గదికి వచ్చేది అదే కాబట్టి, గది మనిషికి తీర్పరిగా కూర్చోవడానికి అర్హత కలుగుతున్నది.

ఈనాడు ఎక్కువగా ఆడే పోకర్ పేరు టెక్సస్ హోల్డెమ్. ఇందులో ప్రతి ఆటగాడికీ బోర్లించి రెండు ముక్కలు పంచుతారు. ఆ తరువాత అందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే అయిదు ముక్కలను బల్ల నడుమ దశలవారీగా తెరుస్తారు. మొదట ఒకేసారి మూడు ముక్కలు, దానిని ఫ్లాప్ అంటారు; తరువాత ఒకటి, అది టర్న్; చివరగా మరొకటి, అది రివర్. చేతిలోని రెండూ బల్ల మీది అయిదూ కలిపి ఏడు ముక్కలలో మేలైన అయిదింటితో ఎవరి బలం ఎక్కువైతే వారిది గెలుపు. పంచగానే ఒకసారి, ఆ తరువాత ప్రతి దశలోనూ ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పందేలు సాగుతాయి. పందేనికి సరిసమానంగా సొమ్ము పెట్టడం కాల్, పెంచడం రైజ్, ముక్కలు పారేసి తప్పుకోవడం ఫోల్డ్. నడుమ కుప్పపడిన సొమ్మును పాట్ అంటారు.

తగవులలో ఎక్కువ భాగం ఈ పందెం కాసే క్షణంలోనే పుడతాయి. సినిమాలలో ఆటగాడు ఎదుటివాడి పందేనికి సరిపడా సొమ్ము పెట్టి, ఒక క్షణం ఆగి, అవతలివాడి మొహం చూసి, ‘దాని మీద ఇంకో అయిదువేలు’ అని మళ్లీ చేయి చాపుతాడు. నిజమైన పోకర్ గదిలో ఈ ఎత్తు చెల్లదు. దీనికి స్ట్రింగ్ బెట్ అని పేరు, అంటే తాడు లాగినట్టు విడతలు విడతలుగా కాసిన పందెం. మొదటి విడత సొమ్ము పెట్టగానే ఎదుటివాడి ముఖంలో కనిపించే ఊరటనో బెదురునో చూసి రెండో విడత నిర్ణయించుకునే అవకాశం ఒక్కడికే దక్కకూడదని ఈ నిషేధం. పెంచదలచినవాడు ‘రైజ్’ అని ముందే నోటితో చెప్పాలి, లేదా మొత్తం సొమ్మును ఒకే కదలికలో ముందుకు జరపాలి. తన వంతులో నోటితో అన్న మాటకు ఆటగాడు కట్టుబడి ఉండవలసిందే.

నోరు విప్పకుండా ఒకే పెద్ద చిప్ పెట్టినప్పుడు ఏమవుతుందన్నది కొత్తవారిని తరచూ కంగారుపెట్టే విషయం. ముందున్నవాడు 400 పందెం కాశాడనుకుందాం. తరువాతివాడు మాటా పలుకూ లేకుండా 1000 విలువగల ఒక్క చిప్‌ను ముందుకు తోశాడు. అతని మనసులో 1000కి పెంచాలని ఉండవచ్చు, 400 కట్టి 600 చిల్లర తీసుకోవాలనీ ఉండవచ్చు. మనసులో ఏమున్నదో గదికి అక్కర లేదు: మాట లేని ఒక్క చిప్ కాల్ కిందికే వస్తుంది, డీలరు 600 తిరిగి ఇస్తాడు. చిప్ బల్లను తాకకముందే ‘రైజ్’ అన్న మాట వినిపించి, అంకె ఏదీ చెప్పకపోతే, అదే చిప్‌తో పందెం 1000కి పెరిగినట్టు. ఆటగాడి ఉద్దేశాన్ని విచారించడం మొదలుపెడితే, ఎదుటివాడి ముక్కల జాడ తెలిసిన తరువాత ప్రతివాడికీ తనకు అనుకూలమైన ఉద్దేశమే గుర్తుకు వస్తుంది.

వంతు రాకముందే తొందరపడి ఆడినవాడి మీద ఉన్న నియమం కూడా ఇలా ఆలోచించి పెట్టినదే. వంతు తప్పి పందెం కాస్తే, ఆట వెనక్కి వెళ్లి అసలు వంతువాడి దగ్గర ఆగుతుంది. ఆ అసలు వంతువాడు పందెం కాయకుండా ఊరకుంటే, తొందరపడినవాడి పందెం అలాగే నిలుస్తుంది. అసలు వంతువాడు తానే పందెం కాస్తే పరిస్థితి మారింది గనుక, తొందరపడినవాడు తన సొమ్ము వెనక్కి తీసుకుని కొత్తగా నిర్ణయించుకోవచ్చు. కావాలని వంతు తప్పేవాడికి మాత్రం మందలింపు గాని శిక్ష గాని తప్పదు.

ఒక చేతికి ఒకే ఆటగాడు అన్నది మరో మూలసూత్రం. ఆట నడుస్తుండగా పక్కవారి సలహా అడగకూడదు, చెప్పకూడదు. అమెరికా గదులలో ఆట సాగుతున్నంతసేపూ బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్న నియమం దీని కొనసాగింపే. అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు తెలుగువారు ముక్కలు చేతిలో ఉండగా ‘ఏమిటి సంగతి’ అని తెలుగులో ఒక్క మాట అనుకున్నా డీలరు వారిస్తాడు. అది భాష మీద చిన్నచూపు కాదు. ఆ మాట అర్థంకాని మిగిలిన ఏడెనిమిది మందికి, ఆ ఇద్దరూ కుమ్మక్కయ్యారేమోనన్న అనుమానానికి తావు ఉండకూడదని. ఆటకూ ఆటకూ మధ్య ఎవరి భాషలో వారు మాట్లాడుకోవచ్చు.

పందేలు ముగిసి ముక్కలు చూపించే ఘట్టాన్ని షోడౌన్ అంటారు. ఇక్కడి సూత్రం మరీ సూటిగా ఉంటుంది: ముక్కలే మాట్లాడతాయి. ఆటగాడు తన బలాన్ని తక్కువగా చెప్పుకున్నా ఎక్కువగా చెప్పుకున్నా, వెల్లకిలా పరచిన ముక్కలు ఏది చూపితే అదే లెక్క. జంట ఉందనుకుని చూపినవాడికి వరుస కుదిరి ఉంటే డీలరు వరుసగానే ప్రకటించాలి. డీలరు పొరబడితే చుట్టూ కూర్చున్న ఎవరైనా, ఆ ఆటతో సంబంధం లేనివారైనా సరే, ఎత్తి చూపవచ్చు. పరచని ముక్కల విషయంలో మాత్రం ఎవరూ పెదవి కదపకూడదు, ఎందుకంటే ముక్కలు పరచేదాకా ఆట ఒంటరివాడిది. పారేసిన ముక్కల కుప్పలో, అంటే మక్‌లో కలిసిన చేయి చచ్చినట్టే. 2009 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నమెంటులో, ప్రపంచంలోనే మేటి ఆటగాళ్లలో ఒకడిగా పేరున్న ఫిల్ ఐవీ, తన చేతిలో ఫ్లష్, అంటే ఒకే రంగు ముక్కలు అయిదు కుదిరిన సంగతి గమనించక, గెలిచే ముక్కలను పారేశాడు. పాట్ ఎదుటివాడికి చేరింది. అంతటివాడికి కూడా నియమం మినహాయింపు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

ముక్కలు కాపాడుకునే బాధ్యత కూడా ఆటగాడిదే. బోర్లించిన ముక్కల మీద ఒక చిప్ గాని చిన్న బిళ్ల గాని బరువుగా పెట్టుకోవడం అందుకే. అలా పెట్టుకోనివాడి ముక్కలను డీలరు పొరపాటున ఊడ్చి మక్‌లో కలిపేస్తే, అవి ఏవో నూటికి నూరుపాళ్లూ గుర్తించలేనప్పుడు, అతను అప్పటికే కట్టిన సొమ్ము పోయినట్టే. ఎవరూ కాల్ చేయని అతని చివరి పందెం ఏదైనా ఉంటే అది మాత్రం తిరిగి వస్తుంది. తప్పు డీలరుది, నష్టం ఆటగాడిది కావడం మొదట అన్యాయంగా తోస్తుంది. కాని పోయిన ముక్కలు ఫలానావని అతను చెప్పే మాటను నమ్మే పద్ధతి పెడితే, మరుసటి రోజు నుంచి అందరి ముక్కలూ ఆసుల జంటలే అవుతాయి.

డీలరు పొరపాట్లలో నిజంగా చిక్కుముడి వంటిది, పందేలు పూర్తికాకుండానే తరువాతి ముక్క తెరిచేయడం. ఫ్లాప్ మీద ఇంకా ఒకరి వంతు మిగిలి ఉండగానే డీలరు తొందరపడి టర్న్ తెరిచాడు, ఆఠీను రాణి పడింది అనుకుందాం. ఆ ముక్కను అలాగే ఉంచితే, వంతు మిగిలినవాడు తరువాతి ముక్క చూసి పందెం నిర్ణయించుకున్నట్టవుతుంది. ఆట మొత్తం రద్దు చేస్తే, అప్పటికే న్యాయంగా సొమ్ము పెట్టినవారికి నష్టం. రాబర్ట్స్ రూల్స్ చెప్పే పరిష్కారం ఇది: రాణిని పక్కన పెడతారు, మిగిలిన పందేలు పూర్తి చేస్తారు, ఎప్పటిలాగే పైముక్క ఒకటి చూడకుండా పక్కకు తీసి, మామూలుగా అయితే రివర్‌గా రావలసిన ముక్కను టర్న్‌గా తెరుస్తారు. ఆ దశ పందేలు కూడా అయిన తరువాత, పక్కన పెట్టిన రాణిని మిగిలిన కట్టలో వేసి మళ్లీ కలిపి, కట్ చేసి, పైముక్క తీసేయకుండానే రివర్ తెరుస్తారు. రివర్ కావలసినది టర్న్‌గా వచ్చింది, టర్న్ కావలసిన రాణికి రివర్‌గా వచ్చే అవకాశం ఇంకా ఉంది. పేక క్రమాన్ని వీలైనంతవరకు కాపాడుతూ, ఎవరికీ అదనపు సమాచారం దక్కకుండా చేసిన ఈ ఏర్పాటులో, ఎంతో అనుభవం నుంచి పుట్టిన వివేకం కనిపిస్తుంది.

ఇక తగవు తీర్చే తీరు. మాటా మాటా పెరిగిందంటే డీలరు వెంటనే ఆట ఆపి, పాట్‌ను, ముక్కలను ఉన్నచోటే ఉంచి, చేయెత్తి ‘ఫ్లోర్’ అని పిలుస్తాడు. డీలరు తానుగా తీర్పు చెప్పకూడదు. పర్యవేక్షకుడు వచ్చి మొదట డీలరు చెప్పేది వింటాడు. జరిగింది జరిగినట్టు చెప్పడమే డీలరు పని, ఎవరిది తప్పో చెప్పడం కాదు. ఆ తరువాత వివాదంలో ఉన్న ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని అడుగుతాడు, అవసరమైతే పక్కవారినీ అడుగుతాడు. అడిగేటప్పుడు వారి ముక్కలు ఏమిటన్న ప్రసక్తి రానివ్వడు, ఎందుకంటే ఆట ఇంకా ముగియలేదు. పెద్ద మొత్తం చిక్కుకున్నప్పుడు బల్ల మీది కెమెరా దృశ్యాలు తెప్పించి చూసే వీలు కూడా ఉంటుంది. అతను తీర్పు చెప్పాక వాదన ఆగాలి, ఆట సాగాలి. దీనికి గడువు కూడా ఉంది: తరువాతి ఆటకు ముక్కలు కలపడం మొదలైందంటే, ముగిసిన ఆట మీద ఫిర్యాదు చేసే హక్కు టోర్నమెంటులో పోయినట్టే.

పర్యవేక్షకుడి చేతిలోని నియమావళిలో మొట్టమొదటి నియమమే మిగిలిన నియమాలను అదుపులో పెడుతుంది. ఆట శ్రేయస్సు, న్యాయం తీర్పులకు ముఖ్యమని, అసాధారణ పరిస్థితులలో సాంకేతిక నియమం కన్నా న్యాయబుద్ధితో చేసిన నిర్ణయానిదే పైచేయి అని టోర్నమెంట్ నిర్వాహకుల సంఘం ఆ నియమంలో చెప్పింది. ఇది ఎంత బరువైన అధికారమో చూడాలంటే అంగీకరించిన పందెం అనే నియమాన్ని పరిశీలించాలి. ఒకడు ఉన్నదంతా పందెం కాశాడు. ఎంత అని రెండోవాడు అడిగితే డీలరు లెక్కపెట్టి పొరపాటున 11,500 అన్నాడు. రెండోవాడు సరేనని కాల్ చేశాడు. తీరా చూస్తే ఆ కుప్పలో 14,500 ఉన్నాయి. కాల్ చేసేవాడే పందెం ఎంతో చూసుకోవాలి గనుక, డీలరు ఏమన్నా సరే, అసలు మొత్తానికి అతను ఒప్పుకున్నట్టేనని నియమం. తేడా 3,000 అయినప్పుడు దీనిని పాటించడం కష్టం కాదు. కాని పెద్ద చిప్‌లు చిన్నవాటి వెనక దాగి ఉండి, చెప్పిన అంకెకు అసలు అంకె అయిదారు రెట్లు ఉన్నప్పుడు, ఆ చిన్న అంకె విని ఒప్పుకున్నవాడి చేత ఆటలోంచి లేచిపోయేంత మూల్యం కట్టించడం న్యాయమా? అక్కడ పర్యవేక్షకుడు మొదటి నియమాన్ని ఆశ్రయించవచ్చు. పెద్ద విలువ చిప్‌లు ఎప్పుడూ ముందు వరుసలో కనిపించేలా పేర్చాలన్న నియమాన్ని ఎవరు ఉల్లంఘించారో చూడటం అప్పుడు అవసరమవుతుంది.

న్యాయబుద్ధికి ఇంత చోటు ఇవ్వడానికి మరో కారణం, నియమాలను పైపైన పాటిస్తూనే వాటి చాటున వంచన చేసేవారు ఉండటం. దీనిని యాంగిల్ షూటింగ్ అంటారు. తన వంతులో చేతినిండా చిప్‌లు పట్టుకుని ముందుకు కదిలించి, ఎదుటివాడు ఉలిక్కిపడితే ఒకలా, పడకపోతే మరోలా నిర్ణయించుకుని చేయి వెనక్కి తీసుకునేవాడు, గెలిచే ముక్కలు ఉండగా ‘ఓడిపోయాను’ అని గొణిగి ఎదుటివాడు తన ముక్కలు పారేసేలా చేసేవాడు ఈ కోవకు చెందుతారు. ఇది పోకర్‌లో సహజమైన మాయ అని సమర్థించుకునేవారు ఉన్నారు గాని ఆ వాదన నిలవదు. ముక్కల విషయంలో చేసే మాయ అందరూ తెలిసి ఒప్పుకున్నది. ఆట జరిగే పద్ధతి విషయంలో చేసే మాయకు ఎవరూ ఒప్పుకోలేదు. తెలియక తప్పిన కొత్తవాడికి మందలింపుతో సరిపెట్టి, తెలిసి తప్పినవాడికి కొన్ని ఆటలపాటు బల్ల దగ్గర నుంచి తప్పించే శిక్ష వేయడం న్యాయం. టోర్నమెంటులో అలా తప్పించిన కాలంలోనూ అతని వాటా తప్పనిసరి పందేలు, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టవలసినవి, అతని కుప్పలోంచి పోతూనే ఉంటాయి. ఇద్దరు కలిసి కుమ్మక్కైతే శిక్ష అనర్హత వరకూ పోవచ్చు.

పర్యవేక్షకుడి తీర్పు నచ్చనివాడు గది మేనేజరును కోరవచ్చు. తనకు కాసినో చెల్లించవలసిన గెలుపు సొమ్ము చెల్లించడం లేదన్నంత వరకూ వివాదం వెళితే, నెవాడాలో ప్రభుత్వ సంస్థయిన గేమింగ్ కంట్రోల్ బోర్డు రంగంలోకి వస్తుంది. వివాదంలోని మొత్తం 500 డాలర్లు గాని అంతకు మించి గాని ఉంటే కాసినో తానే వెంటనే బోర్డుకు తెలియజేయాలి. అంతకు తక్కువైతే, బోర్డు విచారణ కోరే హక్కు ఉందని ఆటగాడికి చెప్పాలి. బోర్డు ప్రతినిధి విచారించి 45 రోజులలో నిర్ణయం తెలుపుతాడు, అది అందిన 20 రోజులలోగా పునఃపరిశీలన కోరవచ్చు, ఆ పైన న్యాయస్థానం ఉంది.

తెలుగునాట పరిస్థితి వేరు. హైదరాబాద్ జూద చట్టం కింద సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు నడుమ వ్యాజ్యంలో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద ఆధారపడినది అని కోర్టు చెప్పింది. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం గడిస్తున్నాడని రుజువైతే మాత్రం నేరం కావచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. అమెరికాలో తీర్పరికి తటస్థతనిచ్చే రేక్ ఇక్కడ నేరానికి రుజువయ్యే వీలుంది. తరువాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను మరింత బిగించాయి. వీటన్నింటికీ ముందునుంచే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచినట్టు చెప్పే సొమ్ము కోసం కోర్టులో దావా వేయడానికి వీలులేదు. పండగ రాత్రి ఇంటి వసారాలో డబ్బు పెట్టి ఆడిన ఆటలో లెక్క తేడా వచ్చినప్పుడు, పిలవడానికి ఫ్లోర్ గాని, ఆశ్రయించడానికి బోర్డు గాని, ఎక్కడానికి కోర్టు మెట్లు గాని ఆ ఆటగాళ్లకు లేవు.